మీకు తెలుసా? పికప్ ఒక్కటి ఉంటే సరిపోదు

అమెరికాలో సొంత పికప్ ట్రక్కుకు ఒక ట్రైలర్ తగిలించుకుని, ఊరి నుంచి ఊరికి కార్లు చేరవేస్తూ బతికే చిన్న ఆపరేటర్లు చాలామంది ఉన్నారు. అక్కడి మనవాళ్లకు వీళ్లతో తరచూ పని పడుతుంది. డాలస్‌లో ప్రాజెక్టు అయిపోయి న్యూజెర్సీలో కొత్తది దొరికితే కుటుంబం విమానం ఎక్కుతుంది, కారు ట్రైలర్ ఎక్కుతుంది. ఈ పని మనమే మొదలుపెడదాం అనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు పికప్ డ్రైవరు వైపు తలుపు తీసి, డోరు ఫ్రేము మీద ఉన్న స్టిక్కరు చదవాలి.

అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఒక అంకె ఉంటుంది. బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి ఇంతకు మించకూడదని తయారీదారు పెట్టిన హద్దు అది. ట్రైలర్‌కూ ఇలాంటి అంకె విడిగా ఉంటుంది. ఆ రెండిటి మొత్తం 10,001 పౌండ్లకు, అంటే దాదాపు 4,536 కిలోలకు చేరితే చాలు, రాష్ట్రాలు దాటి కిరాయికి తిరిగే ఆ జోడీ చట్టం దృష్టిలో కమర్షియల్ వాహనమే. అక్కడి రవాణా శాఖ ఇచ్చే యూఎస్ డాట్ నంబరు తీసుకోవాలి, డ్రైవరుకు 21 ఏళ్లు నిండాలి, మెడికల్ సర్టిఫికెట్ జేబులో ఉండాలి. మొత్తం 26,000 పౌండ్లు మించి, అందులో ట్రైలర్ వాటా కూడా 10,000 దాటిందంటే క్లాస్ ఏ కమర్షియల్ లైసెన్సు తప్పనిసరి. 14,000 పౌండ్ల పికప్‌కు 12,000 పౌండ్ల ట్రైలర్ కట్టిన బండ్లు ఈ వ్యాపారంలో అన్ని కనిపించడానికి కారణం ఇదే. కూడి చూడండి, సరిగ్గా హద్దు దగ్గర ఆగుతుంది.

బరువును బట్టి లైసెన్సు మారడం మన దేశంలోనూ ఉంది. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. ఊళ్లలో బొలెరో పికప్, టాటా ఏస్ తోలుకుని బతికేవాళ్లకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

మళ్లీ ట్రైలర్ దగ్గరికి వద్దాం. దాని హద్దు 12,000 పౌండ్లంటే అంత సరుకు ఎక్కించవచ్చని కాదు. ట్రైలర్ సొంత బరువు అందులోంచి తీసేయాలి. అది 5,000 అనుకుంటే మిగిలేది 7,000. టయోటా క్యామ్రీ దాదాపు 3,400 పౌండ్లు ఉంటుంది కాబట్టి రెండు హాయిగా ఎక్కుతాయి. అదే చోట రెండు టెస్లా మోడల్ వై కార్లు పెడితే 8,800 దాకా పోతుంది. బయటి నుంచి చూస్తే పెద్ద తేడా తెలియదు, బరువంతా అడుగున బ్యాటరీలో ఉంటుంది. హమ్మర్ ఎలక్ట్రిక్ అయితే ఒక్కటే 9,000 పౌండ్ల పైమాట! పదేళ్ల కిందట 'ఎన్ని కార్లు' అని అడిగి రేటు చెప్పేసేవాళ్లకు ఇప్పుడు 'ఏ కార్లు' అని అడగక తప్పడం లేదు. అడగకుండా ఒప్పుకుంటే తూకం దగ్గర జరిమానా, అంతకు మించి దిగుడు రోడ్డులో బ్రేకులు పట్టని ప్రమాదం.

కారులో సామాను నింపి పంపే అలవాటూ మనవాళ్లకు ఉంది. డిక్కీలో కుక్కర్లు, బియ్యం బస్తా, పచ్చడి సీసాలు. ఎక్కించుకునే ముందే డిక్కీ తెరిపించి చూడటం మంచిది. ఆ బరువు మనం ముందే వేసుకున్న లెక్కలో ఉండదు, దారిలో ఏదైనా పోతే ఇన్సూరెన్సు సాధారణంగా కారుకే గానీ సామానుకు వర్తించదు. సీసా పగిలి సీట్ల మీద నూనె కారితే ఆ గొడవ డబ్బుతో తీరేది కాదు.

ఎంత బరువు ఎక్కించామన్నది ఒక ఎత్తు, ఎక్కడ పెట్టామన్నది మరో ఎత్తు. బంపరు కింద బంతి కొక్కేనికి తగిలించే ట్రైలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గి బరువు వెనక్కి పోయిందంటే వేగం అందుకోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు పికప్‌నే రోడ్డు మీంచి లాగేయగలదు. అనుభవజ్ఞులు కారును ఎక్కించి, దిగి, కొక్కెం దగ్గర పికప్ వెనక భాగం ఎంత కుంగిందో చూసి, కారును కొంచెం ముందుకో వెనక్కో జరిపి గానీ పట్టీలు బిగించరు.

ఆ పట్టీల సంగతీ చూడండి. 10,000 పౌండ్ల లోపు కారుకు ముందు, వెనక కలిపి కనీసం రెండు పట్టీలని ఫెడరల్ నిబంధన. పని తెలిసినవాళ్లు నాలుగు చక్రాలకూ నాలుగు వేస్తారు, అదీ టైరు చుట్టూ. ఛాసిస్‌కు కడితే గతుకుల్లో సస్పెన్షన్ అణిగినప్పుడల్లా పట్టీ వదులవుతుంది. టైరును పట్టుకుంటే కారు తన స్ప్రింగుల మీద తాను ఆడుతుంది, పట్టు మాత్రం సడలదు. బయలుదేరిన మొదటి 50 మైళ్లలోపు ఒకసారి ఆపి చూడాలి. ఆ తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు మళ్లీ చూడాలి.

అసలు పికప్ వయసెంతో తెలుసా? ఫోర్డ్ కంపెనీ కార్ఖానాలోనే వెనక తొట్టి బిగించి 'మోడల్ టీ రనబౌట్ విత్ పికప్ బాడీ' పేరుతో అమ్మకానికి పెట్టింది 1925లో, ధర 281 డాలర్లు. చెడిపోయిన బండిని లాగే టో ట్రక్కు ఇంకా ముందే పుట్టింది. టెనెసీ రాష్ట్రం చటనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని 1916లో తయారుచేశాడు. వాగులో పడ్డ ఒక కారును మనుషుల బలంతో బయటికి లాగడానికి పడ్డ అవస్థే దానికి మూలం. ఆ ఊళ్లో ఇప్పుడు టో ట్రక్కుల మ్యూజియం ఉంది.

కొత్తగా దిగేవాళ్ల నడుం విరిచేది డీజిల్ కంటే ముందు ఇన్సూరెన్సు. 10,001 పౌండ్లకు చేరిన కిరాయి బండికి కనీస లయబిలిటీ కవరేజీ 7,50,000 డాలర్లు. లోడ్లు ఇచ్చే బ్రోకర్లు దాంతో ఊరుకోరు, పది లక్షలు అడుగుతారు, మోసే కార్లకు కార్గో ఇన్సూరెన్సు వేరే చూపించమంటారు. అనుభవం లేని కొత్త కంపెనీకి ప్రీమియం మండిపోతుంది. ట్రక్కు కొనకముందే ఇన్సూరెన్సు కొటేషన్ తెప్పించుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ట్రక్కు వాయిదా కట్టగలమా లేదా అన్నది ఆ కాగితం చూశాకే తేలుతుంది.

డాట్ నంబరు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కిరాయికి తోలే ఆపరేటింగ్ అథారిటీకి మాత్రం 300 డాలర్ల ఫీజు. రిజిస్టరయిన మర్నాటి నుంచే సర్కారు ఉత్తరాల్లా కనిపించే ప్రైవేటు నోటీసులు డబ్బు కట్టమంటూ వస్తాయి, కంగారుపడి కట్టేయకండి.

హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు వారాంతాల్లో ఈ పని చేసి నాలుగు డాలర్లు వెనకేద్దామనుకుంటే అది ముప్పు. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప, సొంత కంపెనీకైనా సరే పనిచేయడం ఆ వీసాతో అనధికార ఉద్యోగమే. గ్రీన్ కార్డు అవకాశాన్ని ట్రైలర్‌కు కట్టి ఈడ్చకండి.

శరదృతువులో ఉత్తరాది వృద్ధులు చలి తప్పించుకోవడానికి ఫ్లోరిడా వెళతారు, వాళ్ల కార్లూ వెళతాయి. దక్షిణానికి లోడ్లే లోడ్లు. తిరుగు దారిలో మాత్రం పోటీ పెరిగి రేట్లు పడిపోతాయి, ఒక్కోసారి ఖాళీ ట్రైలర్‌తో రావాల్సి వస్తుంది. వసంతంలో ఇదే తిరగబడుతుంది. మైలుకు ఎంతని లెక్కవేసేటప్పుడు రిటర్న్ లోడు లేని మైళ్లను కూడా కలుపుకోవాలి.

కారు ఎక్కించుకునేటప్పుడు బిల్ ఆఫ్ లేడింగ్ కాగితం మీద కారు బొమ్మ గీసి ఉంటుంది. ఎక్కడ గీత ఉందో, ఎక్కడ సొట్ట ఉందో ఆ బొమ్మ మీద గుర్తుపెట్టి యజమానితో సంతకం చేయించాలి. రాష్ట్రాల మధ్య రవాణాలో సరుకు పాడైతే బాధ్యత రవాణాదారుదేనని 1906 నాటి కార్మాక్ సవరణ చెబుతోంది, కాబట్టి పాత గీతకు కొత్త పరిహారం కట్టకుండా కాపాడేది ఆ సంతకమే. చీకట్లో, వానలో కారు అప్పగిస్తే గీతలు కనపడవు. అలాంటప్పుడు దగ్గర్లోని పెట్రోలు బంకు దీపాల కిందికి తీసుకెళ్లి, అద్దాలూ బంపర్లూ తుడిచి, ఓడోమీటరుతో సహా నాలుగు వైపులా ఫొటోలు తీశాకే పెన్ను యజమాని చేతికివ్వాలి.