అక్షరము మనసున నిలుచు విధము: నాడీసంధియు జన్యువును

మూకండపల్లిలో ఇంట తెలుగును, బడిలో తమిళమును వినుచు పెరుగు పిల్లలు పెక్కుమంది కలరు. తమిళనాడున 2006 నాటి చట్టము తమిళమును పదవ తరగతి వరకు క్రమముగా నిర్బంధ పాఠ్యాంశము చేసిన పిమ్మట, తెలుగు వ్రాతను నిలుపుకొను భారము చాలవరకు ఇంటిదైనది. సాయంకాలము దిద్దిన అక్షరము ఒకటి మరునాటికి చెరిగిపోవుటకును, మరియొకటి జీవితాంతము నిలుచుటకును గల భేదము కొంతవరకు నాడీకణపు కేంద్రకమున ఉన్నది.

రెండు నాడీకణములు కలియు చోటు నాడీసంధి. 1973లో బ్లిస్, లోమో అను శాస్త్రజ్ఞులు కుందేలు మెదడున ఒక నాడీమార్గమును వడివడిగా ప్రేరేపింపగా, అచటి సంధులు గంటలకొలది బలపడి యుండెను. తొలి గంటల బలమునకు ఉన్న మాంసకృత్తుల సవరణ చాలును. అది దినములు నిలువవలెనన్న క్రొత్త మాంసకృత్తులు కావలెను. వానికై జన్యువులు మేల్కొనవలెను.

దూరమున ఉన్న కేంద్రకమునకు ఈ కబురు చేరు విధము విచిత్రము. ప్రేరణ బలముగా వచ్చినపుడు సంధియందలి ద్వారములు తెరచుకొని కాల్షియము లోనికి చొచ్చును. దానిచే మేల్కొన్న ఎంజైముల వరుస తుదకు కేంద్రకములోని క్రెబ్ అను మాంసకృత్తునకు ఒక ఫాస్ఫేటును తగిలించును. ఆ ఫాస్ఫేటు వచ్చునది ఏటీపీ నుండి; 1929లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కండరమున కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అంతట క్రెబ్ తన అధీనములోని జన్యువులకు ప్రతులు వ్రాయించును. సి-ఫాస్ జన్యువు నిమిషములలో మేల్కొని ఇతర జన్యువులను నడుపును. ఆర్క్ జన్యువు ప్రతియైతే ప్రేరణ పొందిన సంధుల చెంతకే పోయి అచట మాంసకృత్తుగా మారును. ఒక్క కేంద్రకము వేల సంధులకు పెద్ద. మరి తక్కిన సరకు తగిన సంధికే ఎట్లు చేరును? ప్రేరణ పొందిన సంధి తనపై తాత్కాలికమైన గుర్తు నొకదానిని ఉంచుకొనునని 1997లో ఫ్రే, మారిస్ ప్రతిపాదించిరి.

అప్లీషియా అను సముద్రపు నత్త నాడులకు సెరటోనిన్‌ను ఒకమారు తాకించిన సంధిబలము నిమిషములు మాత్రమే నిలుచును. ఎడమెడముగా ఐదు మారులు తాకించిన దినమునకు మించి నిలుచును. 1990లో క్యాండెల్ బృందము క్రెబ్‌ను జన్యువులకు అంటకుండ చేయగా, స్వల్పకాలపు బలము చెడలేదు, దీర్ఘకాలపు బలము మాత్రము ఆగిపోయెను.

పండ్ల యీగలకు ఒక వాసనను పదిమారులు విరామముతో నేర్పగా అవి దానిని వారము దినములు మరువలేదని 1994లో తేలినది. విరామము లేక అన్నియే మారులు నేర్పిన యీగలకు అట్టి స్థిరస్మృతి కలుగలేదు. క్రెబ్‌ను అణచినచో విరామపాఠములును నిష్ఫలమయ్యెను. ఒక్క రాత్రి నూరుమారులు దిద్దించుటకును, పది దినములు పదేసి మారులు దిద్దించుటకును లెక్క ఒకటే. కణమునకు మాత్రము ఒకటి కాదు. బాలునకు ఈగ కొలబద్ద కాదనవచ్చును. అయినను జన్యువు మాటయే లేని 1885లో ఎబింగ్‌హాస్ అర్థరహితమైన అక్షరముల వరుసలను తానే వల్లించి, దినములపై పంచి చదివినదే తక్కువ శ్రమతో నిలుచునని లెక్కలతో చూపియుండెను.