కుంకుమ, సబ్బు, తలనూనె: ప్రభుత్వ నిబంధనలును చిన్న ఉత్పత్తిదారులును

పసుపు పండించు రైతు కొమ్ములను బజారునకు తోలి, ఆనాటి ధరకు అమ్ముకొని ఇల్లు చేరును. ఆ పసుపుతోనే చేసిన కుంకుమను అతని ఇంటివారు అంగడిలో పొట్లముల లెక్కను కొనుక్కొందురు. కొబ్బరి, నువ్వులు, ఆముదము, సీకాయ, కుంకుడుకాయ మొదలగువాని సంగతియు నింతే. పంట మనది, పంటమీది లాభము పరులది. ఈ లోపమును తీర్చుకొనుటకై నేడు పెక్కు గ్రామములలో స్త్రీల పొదుపు సంఘములును రైతు కుటుంబములును కుంకుమ, సున్నిపిండి, తలనూనె, సబ్బు మున్నగువానిని స్వయముగా చేసి అమ్ముచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన పూనిక. కాని ఈ పనికి దిగువారు ముందుగా నెఱుగవలసిన విషయ మొకటి కలదు. అమ్మకమునకై ఈ వస్తువులను తయారుచేయుట చట్టమునకు లోబడిన పని. ఆ చట్టమెట్టిది, అది చిన్నవారికి మేలా కీడా, దాని భారమును సహకార పద్ధతిచే నెట్లు తేలిక చేసికొనవచ్చును అను మూడు సంగతులను సభ్యులకు విన్నవింపదలచితిమి.

చట్టము పుట్టుక

మన దేశమున 1940లో ఔషధముల చట్టము ఏర్పడినది. అప్పుడది మందులకు మాత్రమే వర్తించెడిది. 1962లో చేసిన సవరణచే అలంకారద్రవ్యములుకూడ దానిలో చేరినవి. ఆ సవరణ 1964లో అమలునకు వచ్చెను. నాడు సబ్బును మాత్రము విడిచిపెట్టిరి. 1982 సవరణతో ఆ మినహాయింపును తొలగిపోయినది. 2020 డిశంబరులో అలంకారద్రవ్యములకు ప్రత్యేకముగా నిబంధనలు ప్రకటింపబడినవి. ఇప్పుడు నడచుచున్నవి అవియే.

శరీరమును శుభ్రపఱచుటకుగాని, అందమును కలిగించుటకుగాని, రూపమును మార్చుటకుగాని పూయునట్టి, పోయునట్టి, చల్లునట్టి వస్తువులన్నియు చట్టరీత్యా అలంకారద్రవ్యములే. కావున నుదుట పెట్టుకొను కుంకుమయు, పాపటి సిందూరమును, కంటి కాటుకయు, తలకు రాచుకొను నూనెయు, గోరింటాకు పొడియు దీనిక్రిందికి వచ్చును. కుంకుమ, గోరింటాకు పొడి, తలనూనె, ఒంటిసబ్బు మున్నగువానికి భారతీయ ప్రమాణములు వేఱువేఱుగా నిర్ణయింపబడియున్నవి. తయారుచేయువారు ఆ ప్రమాణములను పాటింపవలెను. ఇంటివాడుకకై చేసికొనువారి జోలికి ఈ చట్టము రాదు. విక్రయమునకుగాని, పంపిణీకిగాని చేసినపుడు మాత్రమే లైసెన్సు కావలెను. ఈ నూనె ఫలానా రోగమును కుదుర్చునని లేబులుమీద వ్రాసినచో అది అలంకారద్రవ్యము కాక మందుగా లెక్కకు వచ్చును. మందుల లైసెన్సు వేఱు. ఆయుర్వేద ఔషధముల లైసెన్సు మఱియొకటి. ఒక్క మాట ఎక్కువ వ్రాసి చిక్కులలో పడకుండుట మంచిది.

ఇట్టి చట్టమేల?

కుంకుమకుకూడ చట్టమా యని కొందఱు నవ్వుదురు. కాని ఎఱుపు చూపినదెల్ల కుంకుమ కాదు. పసుపునకు నిమ్మరసము, వెలిగారము, పటిక చేర్చి ఆరబెట్టి దంచిన కుంకుమ ఒకటి. సీసముతో చేసిన ఎఱ్ఱని పొడి ఇంకొకటి. కంటికి రెండును ఒక్కటే. సీసము మెల్లగా పనిచేయు విషము. తల్లి చేతి పొడి బిడ్డ నోటికి పోయినచో ఆ బిడ్డ బుద్ధివికాసమునకు భంగము కలుగును. అమెరికాలోని న్యూజెర్సీలోను మన దేశములోను కొన్న 118 సిందూరపు మచ్చులను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితములనుబట్టి, వానిలో కొన్ని మచ్చులయందు సీసము ఆ దేశపు పరిమితిని మించియుండెను.

మన నిబంధనల ప్రకారము అలంకారద్రవ్యములలో వాడు రంగునందు సీసము పదిలక్షల పాళ్లకు 20 పాళ్లును, పాషాణము 2 పాళ్లును మించరాదు. ముఖము తెల్లబడునని చెప్పి అమ్ము లేపనములలో కొన్నిటియందు కలుపు పాదరసము మూత్రపిండములను చెఱచును. దానికిని కఠినమైన పరిమితి కలదు.

చట్టము లేనిచోట నేమి జరుగునో అమెరికా చరిత్రయే చెప్పుచున్నది. ఆ దేశపు 1906 నాటి చట్టము ఆహారమును, మందులను మాత్రమే అదుపుచేసెను, అలంకారద్రవ్యములను తాకలేదు. 1933 ప్రాంతమున లాష్ లూర్ అను కనుఱెప్పల రంగువలన స్త్రీలు చూపు పోగొట్టుకొనిరి. ఆ సరుకును అంగళ్లనుండి తీయించుటకు ప్రభుత్వమునకు అధికారము లేకపోయెను. 1938లో క్రొత్త చట్టము వచ్చినపిదపనే ఆ అధికారము లభించినది.

చిన్నవారిపై పడు భారము

చట్టము అవసరమే. అయినను దాని భారము అందఱిమీద సమముగా పడుట లేదు. లైసెన్సు పొందుటకు తగిన వసతి, గాలి వెలుతురులు గల గది, పరికరములు, పనిని దగ్గఱనుండి చూచు అర్హతగల నిపుణుడు కావలెను. ముడిసరుకును, తయారైన సరుకును వాయివాయికి పరీక్షించి లెక్కలు వ్రాసి ఉంచవలెను. లేబులుమీద వస్తువు పేరు, తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, వాయి నంబరు, ఏ తేదీలోపల వాడవలెనో ఆ వివరము ఉండవలెను. చిన్న పొట్లములకు, చిన్న సీసాలకు లేబులు విషయమున కొన్ని సడలింపులు కలవు. లైసెన్సు రుసుమును మాత్రము వస్తువుల తరగతులనుబట్టియు, సంఖ్యనుబట్టియు నిర్ణయింతురు, అమ్మకమునుబట్టి కాదు. కోట్ల వ్యాపారము చేయు కంపెనీకిని, పదిమంది స్త్రీల సంఘమునకును ఒకటే లెక్క.

దీనిని ఒక ఉదాహరణముచే చూపుదుము. ఒక వాయి సరుకు పరీక్షకు రెండువేల రూపాయలనుకొందము. రెండు టన్నుల కుంకుమ చేయువానికి కిలోకు రూపాయి పడును. ఇరువది కిలోలు చేయు సంఘమునకు కిలోకు నూఱు రూపాయలు పడును. పెద్దవానికి లెక్కలోనికి రాని ఖర్చు చిన్నవారి లాభమునంతయు మ్రింగివేయును. ఇందుచేతనే కొందఱు పని మానుకొనుచున్నారు. మఱికొందఱు లైసెన్సు లేకయే అమ్ముచు, ఏనా డెవరు వత్తురో యని భయపడుచున్నారు.

ఇతర దేశములు ఈ చిక్కును వేఱువేఱు విధముల విప్పినవి. ఐరోపా సమాఖ్యలో 2013 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము చేయువాడు చిన్నయైనను పెద్దయైనను ప్రతి వస్తువునకును నిపుణుని భద్రతానివేదిక ఉండవలెను. అమెరికాలో 2022లో చేసిన చట్టము ఇందుకు భిన్నముగా, మూడేండ్ల సగటు అమ్మకము సాలునకు పదిలక్షల డాలర్లకు లోపుగానుండు చిన్న వ్యాపారులను కర్మాగారపు నమోదునుండియు, తయారీ పద్ధతుల నిబంధనలనుండియు మినహాయించినది. కాని కంటి పొరను తాకు వస్తువులకు ఆ మినహాయింపు లేదు. వస్తువు నిరపాయకరమైనదని చూపవలసిన బాధ్యత చిన్నవారికిని తప్పదు. మన నిబంధనలలో లైసెన్సు విషయమున అమ్మకపు పరిమాణమునుబట్టి మినహాయింపు లేదు.

మా అభిప్రాయము స్పష్టము. విషపదార్థముల పరిమితులను చిన్నవారి కొఱకు సడలింపరాదు. సీసము గుడిసెలో చేసిన కుంకుమలోనున్నను, కర్మాగారములో చేసిన కుంకుమలోనున్నను బిడ్డకు కలుగు హాని ఒక్కటే. కాని రుసుములు, కాగితములు, తనిఖీల విషయమున అమ్మకమునకు తగిన తారతమ్యము పాటించుట న్యాయము. మన సంఘములు ప్రభుత్వమును కోరవలసినది ఇదియే; చట్టమే వలదనుట కాదు.

చిన్నవారికి నిజమైన శత్రువు

చిన్న ఉత్పత్తిదారుని ఎక్కువగా దెబ్బతీయుచున్నది చట్టము కాదు, చట్టమును లెక్కచేయని కల్తీవర్తకుడు. గంజిపిండికి చౌకరంగు పట్టించి కుంకుమయని అమ్మువాడు సగము ధరకే ఇచ్చును. పసుపు కొని, నిమ్మపండ్లు పిండి, దినముల తరబడి ఆరబెట్టి దంచినవారు ఆ ధరకు ఈయలేరు. కొనువారు చూచునది రంగును, ధరను మాత్రమే. లైసెన్సు నంబరు గల లేబులు, పరీక్షాపత్రము ఉన్నప్పుడే నిజమైన కుంకుమకు నిజమైన ధర పలుకును. కల్తీ అలంకారద్రవ్యములను తయారుచేసినవారికి 2008 సవరణ ప్రకారము మూడేండ్లవఱకు జైలుశిక్షయు, ఏబదివేల రూపాయలకుగాని పట్టుబడిన సరుకు విలువకు మూడింతలకుగాని తగ్గని జుల్మానాయు విధింపవచ్చును. ఈ ఆయుధము సరిగా వాడబడినచో నిజాయితీపరులకు అది కంచెవంటిది.

గట్టిగా అమలుజరిపినచో నిబంధన ఎంతపని చేయునో బంగ్లాదేశము చూపినది. అచ్చట పసుపునకు మెఱుగు పెట్టుటకై సీసపు క్రోమేటు అను రంగును కలుపుచుండిరి. 2019లో పరీక్షించిన బజారు మచ్చులలో నూటికి 47 మచ్చులయందు సీసము కనబడెను. ప్రభుత్వము బజారులను, మిల్లులను తనిఖీచేసి, కలిపినవారికి జుల్మానాలు వేసి, ప్రజలకు బోధింపగా 2021 నాటికి సీసము కలిసిన మచ్చు ఒక్కటియు దొరకలేదు. ఇందు మన రైతులకును పాఠము కలదు. రంగు వేసిన పసుపుతో చేసిన కుంకుమ ఎంత శ్రద్ధగా చేసినను పరీక్షలో నెగ్గదు. దుగ్గిరాలకు తోలినను, నిజామాబాదునకు తోలినను కొమ్ములకు కృత్రిమపు మెఱుగు అంటనీయకుండుట రైతు మొదటి ధర్మము.

సహకారమే ఉపాయము

ఒంటరిగా మోయలేని బరువును పదిమంది కలిసి మోయుటయే సహకారము. ఈ విషయమున సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది, ఊరూర పది లైసెన్సులకు బదులు ఒక సంఘము పేర ఒకే తయారీశాల, ఒకే లైసెన్సు. నిపుణుని జీతమును, గది అద్దెను అందఱును పంచుకొందురు. ఇట్టి సంఘమును 1964 నాటి సహకార సంఘముల చట్టముక్రింద గాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టముక్రింద గాని నమోదుచేసికొనవచ్చును.

రెండవది, సొంత శాల కట్టుకొను స్తోమతు లేనివారికి నిబంధనలలోనే ఒక దారి కలదు. దానిని లోన్ లైసెన్సు అందురు. లైసెన్సు గల వేఱొకరి శాలలో, వారి పరికరములతో, తమ పేర సరుకు చేయించుకొనుటకు ఇచ్చు అనుమతి ఇది. క్రొత్తగా ఆరంభించువారికి ఇది మిక్కిలి ఉపయోగకరము.

మూడవది, ముడిసరుకును కలిసి కొని, పెద్ద వాయిలుగా చేయుట. ముందు చెప్పిన లెక్కలో ఇరువది కిలోల సంఘములు పది కలిసి ఒకే వాయిగా చేసినచో పరీక్ష ఖర్చు కిలోకు నూఱునుండి పదికి దిగును.

నాలుగవది, పుస్తకము. ఏ రైతు పసుపు, ఏనాడు వచ్చెను, ఏ వాయిలో చేరెను అను వివరములను వ్రాసి ఉంచినచో, ఎప్పుడైన లోపము కనబడినపుడు ఆ వాయిని మాత్రమే వెనుకకు తెప్పింపవచ్చును. సంఘము పేరంతయు చెడదు.

అయిదవది, కొనుగోలుదారుని హక్కు. ఎవరైనను తాము కొన్న అలంకారద్రవ్యమును రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్షింపజేసికొనవచ్చునని చట్టము 26వ విభాగము చెప్పుచున్నది. బజారులోని చౌక కుంకుమపై అనుమానము కలిగినచో సంఘ సభ్యులు ఈ హక్కును వినియోగింపవలెను. ఈ వస్తువులను అమ్ము చిల్లర అంగడివానికి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. కాని తాను ఎవరివద్ద కొన్నదియు అధికారి అడిగినపుడు చెప్పవలెను. కనుక సంఘపు దుకాణములలో బిల్లు లేని సరుకును ఉంచరాదు.

ఇది సాధ్యమా యని సందేహింపనక్కరలేదు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ కొండలలోని గిరిజనులు ఏరి తెచ్చు కుంకుడుకాయ, సీకాయ మొదలగువానిని కొని, సబ్బులు మున్నగు వస్తువులనుకూడ తన పేర అమ్ముచున్నది. విడివిడిగానున్నచో ఆ గిరిజనులలో ఏ ఒక్కరికిని ఇట్టి పని సాధ్యమై యుండెడిది కాదు. పసుపు రైతుల కొఱకు 2023లో ప్రకటింపబడి 2025లో నిజామాబాదున ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డును కూడ మన సంఘములు ఈ విషయమున సలహా అడుగవచ్చును.

కుంకుమ చేయు సభ్యులున్న ప్రతి సంఘమును రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము. మొదట తమ ఊరిలో ఎవ రేమి చేయుచున్నారో లెక్క వ్రాసికొనుడు. పిదప రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖవారి కార్యాలయమునకు ఇద్దఱిని పంపి దరఖాస్తు వివరములు తెప్పించుకొనుడు. చుట్టుప్రక్కల లైసెన్సు గల శాల యేదైన కలదేమో విచారింపుడు. భయపడి పని మానుటయు, భయపడక చాటుగా చేయుటయు రెండును నష్టమే. చట్టము నెఱిగి, కలసి చేసినచో పసుపు పండించిన ఇంటికే కుంకుమ లాభమును దక్కును.