సొమ్ము పోయింది – గుర్తు మిగిలింది

క్రిందటి సంవత్సరం ఒక ఆదివారం రాత్రి నా క్రిప్టో ఖాతా ఖాళీ అయింది. కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నానంటూ ఒకాయన ఎంతో మర్యాదగా పాస్‌వర్డు, ఓటీపీ అడిగాడు. నేనూ అంత మర్యాదగానే చెప్పేశాను! ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 40,000 రూపాయల బిట్‌కాయిన్ పోయింది. ఎవరికైనా చెబితే నవ్వుతారని మూడు రోజులు నోరు మూసుకు కూర్చున్నాను. ఆ మూడు రోజులే నా కొంప ముంచాయి. అదెలాగో మిత్రులకు విశదపరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బిట్‌కాయిన్ బదిలీ ఒకసారి ఖరారైతే దాన్ని వెనక్కు తిప్పే అధికారి ఎవరూ లేరు. కాని ప్రతి బదిలీ బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ ఖాతాపుస్తకంలో నమోదై ఉంటుంది. ఒక్కొక్క బదిలీకి 64 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తు ఉంటుంది. దాన్ని బట్టి సొమ్ము ఏ చిరునామాకు చేరిందో ఎవరైనా చూడవచ్చు. యజమాని పేరు మాత్రం కనబడదు. అయితే దొంగ ఆ సొమ్మును నగదుగా మార్చుకోవాలంటే సాధారణంగా ఏదో ఒక ఎక్స్ఛేంజి గడప తొక్కాలి. మన దేశంలో ఎక్స్ఛేంజీలు 2023 మార్చి నుండి మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. ఖాతాదారు ఎవరో తెలుసుకోవడం వాటి విధి. పోలీసులు సకాలంలో కోరితే ఖాతాను స్తంభింపజేయవచ్చు.

2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజి నుండి 1,19,756 బిట్‌కాయిన్లు దొంగలపాలయ్యాయి. 2022 ఫిబ్రవరిలో అమెరికా న్యాయశాఖ వాటిలో 94,000కు పైగా స్వాధీనం చేసుకుంది. ఖాతాపుస్తకం దేన్నీ మరచిపోదన్నమాట! కాని మనబోటి చిన్నవాళ్ల సొమ్ము కోసం ఆరేళ్లు వెంటాడేదెవరు? మనకు గంటలే ముఖ్యం.

కాబట్టి మొదట ఈమెయిలు, ఖాతా పాస్‌వర్డులు మార్చండి. విత్‌డ్రాయల్స్ ఆపమని ఎక్స్ఛేంజికి రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. వెంటనే 1930కి ఫోను చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. తర్వాత స్టేషనులో ఇచ్చే ఫిర్యాదులో తేదీ, సమయం, మొత్తం, బదిలీ గుర్తు, దొంగ చిరునామా, వచ్చిన ఫోను నంబరు రాసి, స్క్రీన్‌షాట్లు జతపరచండి. బదిలీ గుర్తు మీ విత్‌డ్రాయల్ వివరాల్లోనే దొరుకుతుంది. “ఇది మా పరిధి కాదండీ” అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి; 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను అందుకు వీలిస్తుంది. సొమ్ము చేరిన ఎక్స్ఛేంజికి లేఖ రాయమని దర్యాప్తు అధికారిని కోరండి. ముందు ఫీజు కడితే సొమ్ము తెప్పిస్తామనేవాళ్లు వస్తారు. వాళ్లు రెండో దొంగలు!

ఇక నా సంగతి. నాలుగో రోజున స్టేషనుకు వెళ్లాను. ఎస్సైగారు కాగితాలన్నీ చూసి, “మూడు రోజులు ఏం చేస్తున్నావయ్యా?” అన్నారు. పోలీసుల లేఖకు ఎక్స్ఛేంజి నుంచి జవాబు వచ్చింది: సొమ్ము వాళ్ల దగ్గరికే చేరిందట, మంగళవారం సాయంత్రం దాకా అక్కడే ఉందట! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లయింది నా పని.

మిత్రులారా, సిగ్గు తర్వాత పడవచ్చు. ముందు ఫోను చేయండి.