పావు అంగుళం తిరకాసు!

గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించి పేల్చే పాతకాలం పిస్తోలు. అందులో ఓ మర విరిగింది. కొత్తది కొని బిగిస్తే పోలా అనుకుంటాం. అంత తేలిక కాదు. మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించింది 1841లో. అప్పటిదాకా ఏ పనివాడి కొలత వాడిదే. కాబట్టి అంతకుముందటి పిస్తోలైతే, విడిభాగం దొరికినా ఆకురాయితో అరగదీసి సరిపెట్టుకోవాల్సిందే.

ఇటలీలో తయారయ్యే నకళ్లు కాస్త నయం. వాటిలో చాలావాటికి, క్యాప్ తొడిగే నిపుల్ మర 6 మిల్లీమీటర్లు. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల మర ఉన్న పిస్తోళ్లూ ఉన్నాయి. తేడా చూపుకి ఆనదు. కానీ పెద్ద రంధ్రంలో చిన్న నిపుల్ పెడితే, పేల్చినప్పుడు ఊడి కాల్చినవాడి ముఖంమీదికే రావచ్చు. అందుకే తెలిసినవాళ్లు బేరానికి ముందు వెర్నియర్ తీస్తారు.