సెలవుల టికెట్టు ఒక రోజుకా, రెండు రోజులకా?

పిల్లల పరీక్షలు ముగిసి, ధాన్యం అమ్మిన డబ్బు నాలుగు రాళ్లు చేతికి వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. "నాన్నా, ఈ సెలవులకైనా ఫిల్మ్ సిటీ చూపిస్తావా?" అని పిల్లలు అడుగుతారు. పక్కింటివారు చూసి వచ్చారు, బడిలో స్నేహితులు చూసి వచ్చారు. కాదనడానికి తండ్రికి మనసొప్పదు. సరే వెళ్దామనుకున్న తరువాత రెండవ ప్రశ్న ఎదురవుతుంది. ఒక్క రోజుకు టికెట్టు కొనాలా, రెండు రోజులు ఉండేటట్లు కొనాలా?

ఇది చిన్న ప్రశ్న కాదు. రెండు మూడేళ్లకు ఒకసారి కుటుంబమంతా కలిసి చేసే ప్రయాణమిది. ఖర్చయ్యేది ఎండలో పని చేసి కూడబెట్టిన సొమ్ము. ఇంటికి తిరిగి వచ్చాక అప్పు మిగలకూడదు, అలసట మిగలకూడదు. అందువలన బయలుదేరక ముందే భార్యాభర్తలు కూర్చుని లెక్క చూసుకోవడం మంచిది.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర సినిమా ఊరు

హైదరాబాదు నుండి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటిన తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. ఈ మండలంలోని అనాజ్‌పూర్ గ్రామం వద్ద 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలిసింది. అప్పట్లో ఈ ప్రాంతం హయత్‌నగర్ మండలంలో ఉండేది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ వేరే మండలమయింది. 1,666 ఎకరాల ఈ ఆవరణను ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. స్థాపకులు రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు. 2015లో, 2017లో వచ్చిన 'బాహుబలి' చిత్రాల కోసం వేసిన సెట్టును కూడా సందర్శకులకు చూపిస్తున్నారు.

1,666 ఎకరాలంటే ఎంతో పట్నంవారికంటే రైతుకే బాగా అర్థమవుతుంది. మన ఊరి చెరువు కింద ఆయకట్టు కంటే పెద్దదే కావచ్చు. లోపల చాలా దూరం వారి బస్సుల్లోనే తిప్పుతారు. అయినా బస్సు దిగి నడవడం, మెట్లు ఎక్కడం, ప్రదర్శనల కోసం వరుసలో నిలబడడం తప్పవు. టికెట్టు సంగతి ఆలోచించేటప్పుడు ఈ నడకను మరచిపోకూడదు.

ఈ టికెట్టు తీరు వేరు

ఇదివరకు పట్నం చూడడమంటే చార్మినార్, జంతు ప్రదర్శనశాల, సాలార్‌జంగ్ మ్యూజియం. ఎక్కడికక్కడ కొద్ది డబ్బుతో టికెట్టు కొని లోపలికి వెళ్లేవాళ్లం. ఒకచోట నచ్చకపోతే పోయేది ఆ కొద్ది డబ్బే. ఫిల్మ్ సిటీ వంటి చోట్ల రోజుకంతటికీ కలిపి ఒకే టికెట్టు ఉంటుంది. పది చూసినా, రెండే చూసి చెట్టు కింద కూర్చున్నా ధర ఒకటే.

ఈ పద్ధతి మొదటి నుండీ లేదు. అమెరికాలో 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచినప్పుడు లోపలికి వెళ్లడానికి ఒక టికెట్టు, ఎక్కే ప్రతి ఆటకూ వేరే టికెట్టు ఉండేవి. తరువాత ఎ, బి, సి అనే తరగతుల చీటీలను పుస్తకంగా కుట్టి అమ్మారు. 1959 నాటికి ఆ తరగతులు ఇ వరకు పెరిగాయి. 1982లో ఆ పుస్తకాలు పోయి, ఒకే ధరకు అన్నీ చూసే పద్ధతి స్థిరపడింది. దీనిలో సౌకర్యముంది, ఒక చిక్కు కూడా ఉంది. డబ్బు ముందే కట్టేశాం గనుక, "కట్టిన డబ్బు రాబట్టాలి" అనే తొందర మనిషిని పట్టుకుంటుంది. కాళ్లు నొప్పెడుతున్నాయని తల్లి చెప్పినా, పసిబిడ్డ నిద్రకు ఏడ్చినా, ఇంకొకటి, ఇంకొకటి అని లాక్కుపోతాం. సంతోషం కోసం కొన్న టికెట్టు మన మీద పెత్తనం చేయడం మొదలుపెడుతుంది.

రెండవ రోజు నిజంగా చవకేనా?

ఎక్కువ రోజులకు కొంటే రోజుకు పడే ధర తగ్గడం ఇటువంటి వ్యాపారాలన్నిటిలో ఉన్నదే. దాన్ని ఎలా చూడాలో ఒక లెక్క చేద్దాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క కోసం అనుకున్న అంకెలు మాత్రమే.

నాయనమ్మ, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, మొత్తం అయిదుగురు. పెద్దలకు రూ. 1,500 చొప్పున 4,500, పిల్లలకు రూ. 1,200 చొప్పున 2,400, వెరసి 6,900. రెండవ రోజుకు తలకు అయిదు వందలే అన్నారనుకోండి. అంటే ఇంకొక 2,500. మొత్తం 9,400 రూపాయలను రెండు రోజులకు పంచితే రోజుకు 4,700. ఒక రోజు ధర 6,900 కదా, రోజుకు 2,200 మిగిలింది అనిపిస్తుంది.

ఇప్పుడు మిగిలినవి కూడా రాయండి. రాత్రి గదికి 3,000. ఆ రాత్రి భోజనానికి 1,000. మరునాడు తిండికి తలకు 300 చొప్పున 1,500. ఊళ్లో గేదెల పాలు పితికి, మేత వేసి, ఇల్లు చూసేవారికి 600. టికెట్టుతో కలిపితే రెండవ రోజు ఖర్చు 8,600. తలకు 1,720 పడింది. అయిదు వందలకే వచ్చిందనుకున్న రోజు మొదటి రోజు టికెట్ల కంటే ప్రియమయింది. రెండవ రోజు టికెట్టు చవకే గాని, రెండవ రోజు చవక కాదు.

గది అద్దె, ఉదయపు ఫలహారం, లోపలి సందర్శన అన్నీ కలిపి అమ్మే బస ప్యాకేజీలు ఫిల్మ్ సిటీలోనే ఉన్నాయి. సితార, తార, శాంతినికేతన్ అని అక్కడి హోటళ్లు వేర్వేరు స్థాయిల్లో ఉంటాయి. ప్యాకేజీ అడిగినప్పుడు ఒక్కొక్క గదిలో ఎంతమందిని ఉండనిస్తారో, అదనపు మనిషికి ఎంత కట్టాలో, రాత్రి భోజనం అందులో ఉన్నదో లేదో అడిగి, పైన చెప్పిన విధంగానే లెక్క వేయాలి. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో బంధువుల ఇల్లు ఉంటే గది ఖర్చు తప్పుతుంది. అయితే రెండవ రోజు రాకపోకల ఖర్చు చేరుతుంది.

ఎంత దూరం నుండి వస్తున్నాం?

ఒక్క రోజు చాలునా అనేది మన ఊరి దారిని బట్టి కూడా ఉంటుంది. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ వైపు నుండి వచ్చేవారికి ఫిల్మ్ సిటీ పట్నానికి ముందే వస్తుంది. నగరంలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావలసిన పని లేదు. ఆర్.టి.సి. బస్సు అక్కడ ఆగుతుందో లేదో ఎక్కేటప్పుడే కండక్టరును అడిగితే సరిపోతుంది. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. ఇటువంటి కుటుంబానికి చాలావరకు ఒక్క రోజు టికెట్టే మేలు.

రైలులో వచ్చి నాంపల్లిలో దిగేవారికి మెట్రో ఉంది. అది 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి.నగర్ వరకు నడుస్తోంది. అక్కడి నుండి బస్సులో రావాలి. శ్రీకాకుళం, ఆదిలాబాదు వంటి దూర ప్రాంతాల నుండి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చేవారు దిగిన రోజే లోపలికి వెళ్లకపోవడం మంచిది. నిద్ర లేని పిల్లలు మధ్యాహ్నానికే వాడిపోతారు. వారు ఆ రోజు విశ్రాంతి తీసుకుని, మరునాడు ఉదయమే ఒక్క రోజు టికెట్టుతో వెళ్తే, అలసిన రెండు రోజుల కంటే ఎక్కువ చూస్తారు.

పట్నంలో ఇంకొక రోజు ఉండవలసి వస్తే దానికి మళ్లీ పార్కు టికెట్టే కొనాలని లేదు. జంతు ప్రదర్శనశాల, సాలార్‌జంగ్ మ్యూజియం చాలా తక్కువ ఖర్చుతో చూడవచ్చు. జంతు ప్రదర్శనశాలకు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి.

ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

బయలుదేరడానికి వారం ముందు, రాత్రి భోజనాల తరువాత అందరూ కూర్చోండి. ప్రతి ఒక్కరినీ, నాయనమ్మతో సహా, తప్పక చూడాలనుకునేవి రెండేసి చెప్పమనండి. ఒక కాగితం మీద రాయండి. ఇద్దరు ముగ్గురు ఒకటే కోరితే ఒకసారే రాయండి.

ఫిల్మ్ సిటీ సందర్శన సాధారణంగా ఉదయం 9 గంటల నుండి సాయంత్రం 5.30 వరకు, అంటే ఎనిమిదిన్నర గంటలు. భోజనానికి ఒక గంట, రాకపోకలకు, కాసేపు కూర్చోవడానికి మరొక గంట తీసివేస్తే ఆరున్నర గంటలు మిగులుతాయి. నడక, వరుస, చూడడం కలిపి ఒక్కొక్క దానికి గంట అనుకుంటే ఆరు చూడవచ్చు. మీ కాగితం మీద ఆరు లోపు ఉంటే ఒక్క రోజు చాలు. ఎనిమిది, తొమ్మిది ఉన్నా, కొన్ని వదులుకోవడానికి పిల్లలు ఒప్పుకుంటే ఒక్క రోజే చాలు. పది దాటి, ఇంట్లో వృద్ధులు గాని పసిబిడ్డలు గాని ఉండి, మెల్లగా చూడాలనుకుంటే, ఖర్చు భరించగలిగితే, అప్పుడు రెండు రోజుల మాట ఆలోచించాలి.

ఒక విషయం గమనించండి. కుటుంబం నడిచే వేగం అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగమే. పదహారేళ్ల కుమారుని ఉత్సాహాన్ని బట్టి టికెట్టు కొంటే, పూర్తి ధర కట్టిన నాయనమ్మ రోజంతా బల్ల మీద కూర్చుని సంచులు కాపలా కాయవలసి వస్తుంది. ఆమె కూడా చూడడానికే వచ్చింది. ఆమె కోరిన రెండూ ఎండ ముదరక ముందు, పొద్దుటే చూపించండి. పిల్లల ఆటలు తరువాత ఎలాగూ ఉంటాయి.

కొనే ముందు అడగవలసినవి

ధరలో పన్ను కలిసి ఉన్నదా? ఇటువంటి పార్కుల టికెట్టుపై జి.ఎస్.టి. ఉంటుంది. 2018 జనవరిలో దాన్ని 28 నుండి 18 శాతానికి తగ్గించారు. పన్ను వేరుగా వేస్తే అయిదుగురి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

పిల్లల టికెట్టు వయసును బట్టియా, ఎత్తును బట్టియా? 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాలో ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. తొమ్మిదేళ్ల పొడగరి బిడ్డకు పెద్దల ధర పడవచ్చు. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి.

టికెట్టులో ఏవి రావు? సాహస క్రీడల వంటి కొన్నిటికి లోపల వేరుగా కట్టవలసి ఉంటుంది. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి, ఎంత వరకు ఖర్చు చేయగలమో కూడా చెప్పండి.

తిండి తీసుకువెళ్లవచ్చునా? సాధారణంగా బయటి తిండిని లోపలికి రానివ్వరు. పసిపిల్లల పాలు, షుగరు ఉన్నవారి మందుల సంగతి ముందుగా అడగండి.

రెండు రోజులూ వరుసగానే రావాలా? తేదీ మార్చవచ్చునా? ఇంట్లో జ్వరం వస్తే డబ్బు తిరిగి ఇస్తారా? సమాధానం చెప్పినవారి మాట కాక, టికెట్టు మీద రాసి ఉన్న షరతులు చదవండి.

ఏ రోజు వెళ్లాలి? పండుగలకు, శని ఆదివారాలకు రద్దీ హెచ్చు. వండర్‌లా వంటి చోట్ల ధర కూడా హెచ్చు. వారం మధ్యలో వెళ్తే వరుసలు తగ్గుతాయి, ఆదివారం ఆరాధన మానవలసిన అవసరమూ ఉండదు. సండే స్కూలు పిల్లలనో యౌవనస్థులనో తీసుకువెళ్లే సంఘాలు బృందానికిచ్చే తగ్గింపు ఎంతో, ఎంతమంది ఉంటే ఇస్తారో ముందుగానే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

టికెట్టు ఎక్కడ కొంటున్నాం? అక్కడి కౌంటరులోగాని, ఆ సంస్థ సొంత వెబ్‌సైటులోగాని కొనండి. సగం ధరకే ఇప్పిస్తామని ఫోనుకు సందేశం పంపేవారికి డబ్బు పంపవద్దు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు

పల్లెల నుండి కూడా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది. అక్కడ పిల్లలు తమను ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్తామంటారు. 1971లో మొదలైన ఆ చోట ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులున్నాయి. ఎక్కువ రోజులకు కొన్నకొద్దీ రోజు ధర తగ్గుతుంది. 2018 అక్టోబరు నుండి వెళ్లే తేదీని బట్టి ధర మారుతోంది. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. ఒకరి పేరు మీద వాడడం మొదలుపెట్టిన టికెట్టులో మిగిలిన రోజులు వేరొకరికి ఇవ్వడానికి వీలు లేదు, గడువు దాటితే అవి పోతాయి. అందుచేత "అమ్మా, అయిదు రోజులకు కొంటాం" అని పిల్లలు ప్రేమతో అన్నప్పుడు, "నేను ఎన్ని రోజులు నడవగలనో అన్ని రోజులకే కొను నాయనా" అని మొహమాటం లేకుండా చెప్పండి. మధ్యలో ఒక రోజు ఇంటిపట్టున ఉండేటట్లు చూసుకోండి.

తల్లిదండ్రులారా, సెలవు మీద పెట్టే ఖర్చు వృథా కాదు. ఏడాదంతా పొలంలో, పనిలో ఉండే తండ్రి ఒక పూట పిల్లల చేయి పట్టుకుని నడవడం విలువైనదే. కాని ఆ విలువ రోజుల సంఖ్యలో లేదు. మన శక్తి ఎంతో, మన పెద్దల ఓపిక ఎంతో చూసి టికెట్టు కొందాం. ఒక్క రోజుకే కొంటే, చూడకుండా మిగిలినవాటి కోసం బాధపడవద్దు. సాయంత్రం ఎవరూ అలసి విసుక్కోక ముందే తిరుగు బస్సు ఎక్కండి.