రెట్రో పీసీ బిల్డ్: ముందు పార్ట్స్ కాదు, ఒక తేదీ ఎంచుకోండి

ఎప్పుడూ కొత్త ఫోన్లు, కొత్త గ్రాఫిక్స్ కార్డుల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి నాకంటే ఒక్క ఏడాదే చిన్నదైన కంప్యూటర్ గురించి చెప్తా. పాతికేళ్ల నాటి పీసీని ఈ రోజు మళ్లీ అసెంబుల్ చేయాలంటే ఏ పార్ట్స్ తీసుకోవాలి, ఏ క్యాబినెట్ పెట్టాలి, ఎక్కడ పాతదే కావాలి, ఎక్కడ పాతది అస్సలు వాడకూడదు అన్నది ఈ ఆర్టికల్. ఒకసారి తప్పుగా బిల్డ్ చేసి, డబ్బులు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నా. మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

అసలు ఎందుకు మొదలుపెట్టానంటే

మా నాన్న తణుకులో డీటీపీ సెంటర్ నడిపేవారు. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు అన్నీ పేజ్‌మేకర్‌లోనే. 2000 ఆగస్టులో కొన్న కంప్యూటర్‌ని 2008లో తుక్కు కొట్టుకి ఇచ్చేశారు. ఇచ్చే ముందు మాత్రం హార్డ్ డిస్క్ విప్పి బీరువాలో దాచారు. దాంతోపాటు తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తాలూకు లాక్ కూడా. లాక్ అంటే ప్రింటర్ పోర్టుకి తగిలించే అగ్గిపెట్టె సైజు ముక్క. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవదు.

మా బాబాయి పెళ్లి 2001లో అయింది. ఆ శుభలేఖ డిజైన్ చేసింది నాన్నే. ఇప్పుడు ఇంట్లో ఒక్క కాపీ కూడా లేదు. "పాతికేళ్ల పెళ్లిరోజుకి అదే కార్డు మళ్లీ ప్రింట్ చేసి ఇద్దాంరా. ఆ డిస్క్‌లో ఉండాలి, తీయగలవా?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కొడుకు కదా, "అదెంత పని నాన్నా" అనేశా.

మీకు వచ్చిన డౌటే నాకూ వచ్చింది: లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి విండోస్ 98 వేస్తే సరిపోదా? సరిపోలేదు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రింటర్ పోర్టు అడ్రసుతో నేరుగా మాట్లాడి లాక్ ఉందో లేదో చూస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్లు ప్రింటర్ల కోసం చేసినవి, ఇలాంటి లాక్‌లకి దాదాపు పనికిరావు. సో, నిజమైన ప్రింటర్ పోర్టు ఉన్న నిజమైన పాత మెషీన్ కావాలి.

ఒక్క మంచి పని మాత్రం ముందే చేశా. డిస్క్‌ని ఐడీఈ అడాప్టర్‌తో లాప్‌టాప్‌కి పెట్టి, లినక్స్‌లో డీడీరెస్క్యూ టూల్‌తో మొత్తం 10 జీబీ ఇమేజ్ తీసి పెట్టుకున్నా. కొన్ని బ్యాడ్ సెక్టార్లు వచ్చాయి, మిగతాదంతా వచ్చింది. ఆ తర్వాత అసలు డిస్క్‌ని మళ్లీ ముట్టుకోలేదు. పాత డిస్క్‌తో మీరు ఏం చేయాలన్నా ఇదే మొదటి స్టెప్.

మొదటి బిల్డ్: అన్నీ పాతవే, అయినా ఫెయిల్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ చుట్టూ తిరిగి దొరికినవన్నీ కొనేశా. ఇంటెల్ 815 చిప్‌సెట్ బోర్డు, 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3, 512 ఎంబీ ర్యామ్, జీఫోర్స్ 4 ఎంఎక్స్. క్యాబినెట్ నల్లది, ముందు నీలం ఎల్‌ఈడీలు, పక్కన అద్దం. "పాతదే కదా, పైగా ఒరిజినల్ కంటే పవర్‌ఫుల్" అని సంబరపడ్డా.

ఇమేజ్‌ని సీఎఫ్ కార్డుకి కాపీ చేసి బూట్ చేస్తే "న్యూ హార్డ్‌వేర్ ఫౌండ్" అని ఒకదాని తర్వాత ఒకటి. విండోస్ 98 సీడీ అడిగింది, ఇచ్చా. చివరికి "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్" అని ఆగిపోయింది. నాన్న చూసి "ఇది మన కంప్యూటర్‌లా లేదేంట్రా" అన్నారు. రంగు గురించి అన్నారనుకున్నా. నిజానికి సమస్య కూడా అదే.

విండోస్ 98 ఇన్‌స్టాల్ అయిన రోజున ఏ చిప్‌సెట్ చూసిందో దాని లెక్కలే రిజిస్ట్రీలో రాసుకుంటుంది. నాన్న మెషీన్‌లోది ఇంటెల్ 440బీఎక్స్. 815లో లోపలి అమరికే వేరు, దానికి ఇంటెల్ ఇచ్చే ఫైల్స్ విడిగా వేయాలి. ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. పాత డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు బతికించాలంటే మాత్రం ఇదే అసలు విషయం.

పీరియడ్ కరెక్ట్ అంటే ఏంటి?

చాలామంది "90ల పీసీ" అనుకుని మొదలుపెడతారు. పదేళ్లు అనేది చాలా పెద్ద టైమ్. 1990లో 386, 1999లో పెంటియం 3. ఈ రెండింటికీ మధ్య కేబుల్ కూడా సరిగ్గా కలవదు. అందుకే నా రూల్ ఒక్కటే: ఒక తేదీ, ఒక బడ్జెట్ ఫిక్స్ చేసుకోండి. ఆ రోజు ఆ డబ్బుతో ఒక మామూలు మనిషి షాపుకి వెళ్లి ఏం కొనేవాడో అదే మీ లిస్టు.

నాకు ఆ లిస్టు రెడీమేడ్‌గా దొరికింది. నాన్న పాత ఫైల్లో చేత్తో రాసిన షాపు కొటేషన్ ఉంది: పెంటియం 3 550, 440బీఎక్స్ బోర్డు, 64 ఎంబీ ర్యామ్, 10.2 జీబీ హార్డ్ డిస్క్, 8 ఎంబీ ఎస్ఐఎస్ 6326 ఏజీపీ కార్డు, ఈఎస్ఎస్ సౌండ్ కార్డు, ఫ్లాపీ డ్రైవ్, సీడీ డ్రైవ్, 15 అంగుళాల మానిటర్, ఏటీఎక్స్ క్యాబినెట్.

గమనించారా? ఆ టైమ్‌కి జీఫోర్స్ 256 వచ్చేసి నెలలు గడిచాయి. నాన్న కొనలేదు, శుభలేఖలకి 3డీ ఎందుకు? బోర్డు చిప్‌సెట్ కూడా అప్పటికి రెండేళ్ల పాతది, 1998 ఏప్రిల్‌లో వచ్చింది. నిజంగా జనం వాడిన కంప్యూటర్లు ఇలాగే ఉండేవి, మ్యాగజైన్ కవర్ మీద కనిపించేలా కాదు. మీ టార్గెట్ గేమింగ్ అయితే మీ తేదీ, మీ బడ్జెట్ వేరే ఉంటాయి. 3డీఎఫ్ఎక్స్ గ్లైడ్ గేమ్స్ కావాలంటే 1999 నాటి వూడూ 3 బాగా సరిపోతుంది. పాత డాస్ గేమ్స్ సౌండ్ కావాలంటే ఐఎస్ఏ స్లాట్ ఉన్న బోర్డు చూడండి.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్

రెండోసారి బోర్డుతో మొదలుపెట్టా. 440బీఎక్స్ బోర్డు దొరకడానికి రెండు నెలలు పట్టింది. కొనే ముందు కెపాసిటర్లు చూడండి. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురులా కారినా వద్దు, లేదా మార్చగలిగితేనే తీసుకోండి. 386, 486 బోర్డులైతే పీపా ఆకారంలో ఉండే రీఛార్జబుల్ బ్యాటరీ చూడండి. అది కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది.

ప్రాసెసర్ స్లాట్ 1 రకం, క్యాసెట్‌లా నిలబడి ఉంటుంది. 550 మెగాహెర్ట్జ్ కాట్‌మై కోర్ 2 వోల్టులతో నడుస్తుంది. దీని తర్వాత వచ్చిన కాపర్‌మైన్ ఇంకా ఫాస్ట్, కానీ దానికి తక్కువ వోల్టేజ్ కావాలి. తొలి బీఎక్స్ బోర్డులు కొన్ని అంత కిందకి దిగలేవు. "పెంటియం 3 ఏదైనా ఒకటే" అనుకుని కొనకండి.

ర్యామ్‌లో ఒక ట్రాప్ ఉంది. 256 ఎంబీ స్టిక్ మీద 8 చిప్‌లే ఉంటే 440బీఎక్స్ దాన్ని సగమే చూస్తుంది, లేదా అసలు బూటే అవదు. 16 చిప్‌లు ఉన్నది తీసుకోండి. ఇంకోటి, విండోస్ 98కి 512 ఎంబీ దాటితే ఇబ్బందులు మొదలవుతాయి. నేను 128తో ఆపేశా. కొటేషన్‌లో 64 అని ఉన్నా, నాన్న తర్వాత ఇంకో 64 వేయించారట.

ఏజీపీ కార్డు కొనేటప్పుడు అడుగున ఉండే గాట్లు చూడండి. బీఎక్స్ స్లాట్ 3.3 వోల్టులది. 1.5 వోల్టులకి మాత్రమే చేసిన తర్వాతి కార్డులు అందులో కూర్చోవు. బలవంతంగా నొక్కితే రెండూ పోతాయి. రెండు గాట్లూ ఉన్న కార్డులు మామూలుగా రెండు రకాల స్లాట్లలోనూ పట్టేస్తాయి.

క్యాబినెట్: డబ్బా అనుకోకండి

దీనికే నేను ఎక్కువ టైమ్ పెట్టా. ముందు ఫారమ్ ఫ్యాక్టర్. ఏటీఎక్స్ స్టాండర్డ్ 1995లో వచ్చింది. దానికి ముందు ఏటీ క్యాబినెట్లు. ఏటీలో ముందున్న పవర్ స్విచ్‌కి నేరుగా 230 వోల్టుల కరెంటు వస్తుంది. వైర్లు ఎండిపోయి, తొడుగులు ఊడిపోయి ఉంటే ప్రాణానికే ప్రమాదం. మొదటి బిల్డ్‌కి ఏటీ వద్దని నా సలహా.

తర్వాత వివరాలు. టర్బో బటన్ 286 నుంచి 486 కాలానిది, పెంటియం 3కి పెడితే వేషం వేసినట్టు ఉంటుంది. పక్క అద్దం, నీలం ఎల్‌ఈడీలు ఆ తర్వాతి కాలం. 2000 నాటి మామూలు క్యాబినెట్ అంటే లేత గోధుమ రంగు రేకు, ముందు రెండు మూడు సీడీ డ్రైవ్ బేలు, కింద ఫ్లాపీ బే. సీడీ, ఫ్లాపీ డ్రైవ్‌ల ముఖాలు కూడా అదే రంగులో దొరకబట్టండి. ఒక్క నల్ల డీవీడీ డ్రైవ్ పెట్టినా మొత్తం లుక్ పోతుంది.

పాతది దొరక్కపోతే కొత్తవీ ఉన్నాయి. సిల్వర్‌స్టోన్ 2023లో ఏప్రిల్ ఫూల్ జోక్‌గా చూపించిన ఎఫ్ఎల్‌పీ01 అనే రెట్రో కేసుని తర్వాత నిజంగానే అమ్మకానికి తెచ్చింది. కానీ అవి లోపల కొత్త పీసీ పెట్టుకునేవాళ్ల కోసం, ధర కూడా గట్టిగానే ఉంటుంది. నాకు తుక్కు కొట్టులో 600 రూపాయలకి ఒరిజినల్ దొరికింది. కొనేటప్పుడు వెనక ఐఓ ప్లేటు, డ్రైవ్ స్క్రూలు, ముందు ప్యానెల్ క్లిప్పులు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, లాగితే విరుగుతుంది. లోపలి రేకు అంచులు చేతులు కోస్తాయి, గ్లోవ్స్ వేసుకోండి.

పసుపెక్కిన ప్లాస్టిక్ సంగతి. ఎండ, వేడి తగిలి ఏబీఎస్ ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. మంట అంటుకోకుండా అందులో కలిపే బ్రోమిన్ పదార్థాలకి ఇందులో పాత్ర ఉందంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, దీన్నే రెట్రోబ్రైట్ అంటారు. జుట్టుకి రంగు వేసే డెవలపర్ క్రీమ్‌లో ఉండేది అదే. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. క్రీమ్ మధ్యలో ఆరిపోతే మచ్చలు పడతాయి, మన మే నెల ఎండలో ప్లాస్టిక్ వంకర పోయినా ఆశ్చర్యం లేదు. పైగా కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కొచ్చు. నేను సబ్బునీళ్లతో కడిగి వదిలేశా. పాతికేళ్ల వస్తువు పాతికేళ్లదిలా కనిపిస్తే తప్పేంటి?

ఇక్కడ మాత్రం పాతది వద్దు

క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్‌ని "ఒరిజినల్ కదా" అని ఆన్ చేశా. పది సెకన్లలో ఠప్‌మని సౌండ్, పొగ, వాసన. అదృష్టం ఏంటంటే బోర్డుకి ఇంకా కనెక్ట్ చేయలేదు. అప్పుడే అర్థమైంది, పీరియడ్ కరెక్ట్ అనే రూల్‌కి మూడు మినహాయింపులు ఉండాలని.

ఒకటి, ఎస్ఎంపీఎస్. కొత్తదే కొనండి. ఏటీఎక్స్ స్క్రూ రంధ్రాలు అప్పటివే కాబట్టి పాత క్యాబినెట్‌లో పట్టేస్తుంది. 20+4 కనెక్టర్ ఉండాలి, నాలుగు పిన్నులు పక్కకి తీసేస్తే చాలు. అప్పటి బోర్డులు 5 వోల్టుల లైన్ మీద ఎక్కువ ఆధారపడతాయి, ఇప్పటివి 12 మీద. అందుకే లేబుల్ మీద 5 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు ఉన్నది తీసుకున్నా. కొన్ని ఐఎస్ఏ కార్డులకి మైనస్ 5 వోల్టులు కావాలి, కొత్త ఎస్ఎంపీఎస్‌లలో అది ఉండదు. నా సౌండ్ కార్డుకి అవసరం పడలేదు. విదేశాల నుంచి తెప్పించిన పాతదైతే వెనక 115/230 స్విచ్ చూడకుండా ప్లగ్ పెట్టకండి.

రెండు, స్టోరేజ్. ఐడీఈకి తగిలే సీఎఫ్ అడాప్టర్, 16 జీబీ కార్డు వాడా. ఆ కాలం బయోస్‌లు కొన్ని 32 జీబీ దాటితే హ్యాంగ్ అవుతాయి. పాత డిస్క్ శబ్దం మిస్సవుతాం, నిజమే. కానీ డేటా ముఖ్యం.

మూడు, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ. కొత్తది వేస్తే బయోస్ సెట్టింగులు పోవు.

చివరికి

లాక్ తగిలించి, సీఎఫ్ కార్డు పెట్టి ఆన్ చేశా. ఈసారి కొత్త హార్డ్‌వేర్ అని ఒక్కసారి కూడా అడగలేదు. 440బీఎక్స్, అదే ఏజీపీ కార్డు, అదే సౌండ్ కార్డు. విండోస్ 98కి తను వేరే పెట్టెలో ఉన్నానని తెలియలేదు. డెస్క్‌టాప్ మీద 2008లో నాన్న వదిలేసిన ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మొత్తం ఖర్చు 11 వేలు అయింది, మొదటి బిల్డ్ కాకుండా. ఆ ఫెయిల్ అయిన బోర్డుని ఫ్రెష్ ఇన్‌స్టాల్‌తో గేమ్స్‌కి వాడుతున్నా, దాని తేదీ వేరు అంతే.

పేజ్‌మేకర్ ఫైల్‌ని పోస్ట్‌స్క్రిప్ట్‌గా ఫైల్‌కి ప్రింట్ చేసి, లాప్‌టాప్‌లో పీడీఎఫ్ చేద్దామని కూర్చున్నా. నాన్న స్క్రీన్ దగ్గరికి వంగి చూసి, "ఆగు ఆగు, ఇక్కడ వత్తు తప్పు పడింది. అప్పుడు చూసుకోలేదు" అన్నారు. నన్ను లేవమని, ఆయనే కూర్చుని కీబోర్డు చూడకుండానే ఆ అక్షరం సరిచేశారు. సేవ్ చేసి, "బాబాయికి చెప్పకు" అన్నారు.