లెక్కకు అందేవి.. అందనివి
ఇంగ్లిష్ నామవాచకాల్లో తెలుగు విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే

కాలాలు, వాయిస్, ప్రత్యక్ష, పరోక్ష వాక్యాలు శ్రద్ధగా అభ్యసించిన విద్యార్థి సైతం దరఖాస్తులో 'ప్లీజ్ సెండ్ మీ ద ఇన్ఫర్మేషన్స్' అని రాస్తుంటాడు. 'ఫర్నిచర్స్', 'అడ్వైసెస్', 'లగేజెస్' కూడా ఇటువంటివే. పోటీ పరీక్షల్లో తప్పును గుర్తించమనే ప్రశ్నలకు ఈ పదాలు ఎంతోకాలంగా ముడిసరకుగా ఉన్నాయి. నియమం కష్టమైనది కాదు. మాతృభాష అలవాటు అడ్డుపడటమే చిక్కంతా.

రెండు వర్గాలు
ఒకటి, రెండు, మూడు అని లెక్కించగలిగినవి కౌంటబుల్ నామవాచకాలు. బుక్, చైర్, స్టూడెంట్ ఈ కోవలోనివి. ఏకవచనంలో వీటి ముందు 'ఎ', 'యాన్' చేరతాయి. బహువచన రూపం ఉంటుంది. విడిగా లెక్కించక మొత్తంగా, రాశిగా భావించేవి అన్‌కౌంటబుల్. వాటర్, రైస్, అడ్వైస్, ఫర్నిచర్, హోంవర్క్ ఈ వర్గానికి చెందుతాయి. వీటి ముందు 'ఎ', 'యాన్' రావు. బహువచనం ఉండదు. క్రియ ఎప్పుడూ ఏకవచనంలోనే ఉండాలి.

తెలుగుతో పేచీ
తెలుగు వ్యాకరణంలో పాలు, నీళ్లు, వడ్లు వంటివి నిత్య బహువచనాలు. 'నీళ్లు వేడిగా ఉన్నాయి' అనడమే మనకు సహజం. ఆ అలవాటు కొద్దీ 'ద వాటర్ ఆర్ హాట్' అంటే తప్పవుతుంది. 'ద వాటర్ ఈజ్ హాట్' అనాలి. సలహాలు, వార్తలు, సామాన్లు, డబ్బులు అని మనం ధారాళంగా బహువచనం వాడతాం. వాటికి సమానమైన అడ్వైస్, న్యూస్, లగేజ్, మనీ ఇంగ్లిష్‌లో అన్‌కౌంటబుల్. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అది బహువచనం కాదు. 'ద న్యూస్ ఈజ్ గుడ్' అన్నదే సరైన వాక్యం.

డబ్బును లెక్కపెడతాం కదా, మనీ అన్‌కౌంటబుల్ ఎలా అవుతుందన్న సందేహం సహజం. మనం లెక్కించేది రూపాయలను. అందుకే రుపీ కౌంటబుల్, మనీ అన్‌కౌంటబుల్. కుర్చీకి, ఫర్నిచర్‌కు మధ్య భేదమూ ఇదే. వస్తువు స్వభావం కంటే భాషలో స్థిరపడిన వాడుకే ఇక్కడ ప్రమాణం. ఇన్ఫర్మేషన్‌కు సమానమైన ఫ్రెంచ్ పదానికి బహువచనం ఉండటమే ఇందుకు నిదర్శనం.

కొలత తోడైతే..
లెక్కకు అందని వాటిని లెక్కించవలసి వస్తే కొలతను గానీ, పాత్రను గానీ, భాగాన్ని గానీ ముందు చేర్చాలి. 'ఎ గ్లాస్ ఆఫ్ వాటర్', 'టూ కిలోస్ ఆఫ్ రైస్', 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. బహువచనం కొలతకే తప్ప అసలు పదానికి చేరదు. రెండు సలహాలు 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్' అవుతాయి.

ఒక్క అక్షరం.. తారుమారయ్యే అర్థం
సంఖ్యను అడిగేటప్పుడు 'హౌ మెనీ', పరిమాణాన్ని అడిగేటప్పుడు 'హౌ మచ్' వాడాలి. 'ఫ్యూ' కౌంటబుల్ పదాలకు, 'లిటిల్' అన్‌కౌంటబుల్ పదాలకు వస్తాయి. 'సమ్', 'ఎ లాట్ ఆఫ్' రెండింటికీ చెల్లుతాయి.

ఇంటర్వ్యూకు వెళ్లే అభ్యర్థులు ఇక్కడ మరింత జాగ్రత్త వహించాలి. 'ఐ హ్యావ్ ఎ లిటిల్ ఎక్స్‌పీరియన్స్' అంటే కొంత అనుభవం ఉందని అర్థం. 'ఎ' వదిలేసి 'ఐ హ్యావ్ లిటిల్ ఎక్స్‌పీరియన్స్' అంటే అనుభవం దాదాపు లేదని చెప్పినట్లే. 'ఫ్యూ', 'ఎ ఫ్యూ' మధ్య కూడా ఇదే తేడా.

రెండు వైపులా ఉండేవి
కొన్ని పదాలు అర్థాన్నిబట్టి రెండు వర్గాల్లోనూ చేరతాయి. 'పేపర్' కాగితమనే అర్థంలో అన్‌కౌంటబుల్, వార్తాపత్రిక లేదా ప్రశ్నపత్రం అన్నప్పుడు కౌంటబుల్. 'గ్లాస్' అంటే గాజు అయితే లెక్కకు రాదు, తాగే గ్లాసు అయితే వస్తుంది. 'ఎక్స్‌పీరియన్స్' ఉద్యోగానుభవమైతే అన్‌కౌంటబుల్. జీవితంలో ఎదురైన అనుభవాలైతే 'ఎక్స్‌పీరియన్సెస్' అనవచ్చు. ఉద్యోగం దొరికిందని చెప్పదలిస్తే 'ఐ గాట్ ఎ వర్క్' అనరాదు, 'ఐ గాట్ ఎ జాబ్' అనాలి.

నిఘంటువే దిక్సూచి
ఈ పదాలన్నింటినీ కంఠస్థం చేయనవసరం లేదు. జపాన్‌లో ఇంగ్లిష్ బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ విదేశీ విద్యార్థుల ఇబ్బందులను గమనించి సహచరులతో కలిసి రూపొందించిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఆ గ్రంథమే నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం. అందులో నామవాచకం పక్కన 'సి' ఉంటే కౌంటబుల్, 'యు' ఉంటే అన్‌కౌంటబుల్ అని గ్రహించాలి. రెండూ ఉంటే ఏ అర్థానికి ఏది వర్తిస్తుందో చూడాలి. కొత్త పదం నేర్చుకున్నప్పుడు అర్థంతోపాటు ఈ అక్షరాన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటే పరీక్షలోనూ, దరఖాస్తులోనూ తడబాటు తగ్గుతుంది.